మూత మాస్టారు

మా మాస్టారికి లెన్సు మూత తియ్యడం గుర్తుండేది కాదు. ఆయన గురించి చెప్పమంటే ముందు ఇదే చెప్పాలి. ఆయనని ఎరిగినవాళ్ళందరూ ముందు ఇదే చెబుతారు, చాలామంది ఇక్కడితో ఆపేస్తారు కూడా.

ఎవరైనా ఒకసారి మరిచిపోతే నవ్వి ఊరుకుంటాం. ఒక ఫోటోగ్రాఫరు పందొమ్మిదేళ్ళ పాటు, ఉద్యోగధర్మంలా, నెలకి రెండు మూడుసార్లు మూత ఉంచేసి ఫోటోలు తీస్తే ఏం చెయ్యాలి? మేము పేరు పెట్టాం. మూత మాస్టారు అన్నాం. ఆ పేరు పెట్టింది నేనే. ఇప్పుడు సిగ్గుపడుతున్నాను గాని, అప్పట్లో నా తెలివికి నేనే మురిసిపోయాను.

నేను ఆ పత్రికలో ఫిల్ము కడిగేవాణ్ణి. మెట్ల కింద చీకటిగది, ఒక ఎర్ర బల్బు, మూడు తొట్లు, ముక్కు పుటాలదిరే మందుల వాసన, అదీ నా రాజ్యం. పత్రిక పేరెందుకు గాని, అది కష్టాల పత్రిక. నెలకొక కష్టం చొప్పున అచ్చు వేసేది. ఒక నెల గనుల్లో ఊపిరితిత్తులు పాడైనవాళ్ళు, ఒక నెల వంతెన కింద కాపురాలు, ఒక నెల జైల్లో పుట్టిన పిల్లలు. నెల మొదట్లో సంపాదకుడు బల్ల మీద కాళ్ళు చాపుకుని, "ఈ నెల ఎవరు ఏడుస్తున్నారయ్యా?" అని అడిగేవాడు. ఈవేళ బజార్లోకి ఏం కూరలొచ్చాయి అని అడిగినట్టే అడిగేవాడు.

మాస్టారి కెమెరా పాతరకం. దానికి చూసే కిటికీ వేరు, బొమ్మ పడే లెన్సు వేరు. లెన్సుకి మూత ఉన్నా కిటికీలోంచి లోకం నిక్షేపంగా కనపడుతుంది. మీట నొక్కితే టక్ మంటుంది, ఫిల్ము ముందుకి జరుగుతుంది. వెనక నిలబడ్డవాళ్ళకి అంతా సవ్యంగానే ఉన్నట్టు ఉంటుంది. లోపల ఫిల్ము మీద మాత్రం ఏమీ పడదు.

నేను చేరిన రెండో వారంలో ఆయన తెచ్చిన రీలు కడిగాను. అనాథ శరణాలయంలో పిల్లలని తీసిన రీలు. వెలుతురులోకి తెచ్చి చూస్తే సగానికి సగం గాజుపలకలా తెల్లగా ఉంది. కొత్త ఉద్యోగం, తొట్టి తారుమారు చేశానేమోనని భయపడి, ఆయన దగ్గరికి ఆ ఫిల్ము పట్టుకుని పరిగెత్తాను.

"మాస్టారూ, నా వల్లే ఏదో పొరపాటు జరిగిందండి."

ఆయన ఫిల్ముని కిటికీ వైపు ఎత్తి పట్టుకుని, కళ్ళు చిట్లించి, ఈ కొసనుంచి ఆ కొసదాకా చూశాడు.

"బ్రహ్మాండంగా కడిగావోయ్. ఒక్క మరక లేదు."

"బొమ్మ కూడా లేదండి."

"అలాగా? అయితే మూత తీసి ఉండను."

గొడుగు ఇంట్లో మరిచిపోయి వచ్చాను అన్నంత తేలిగ్గా అని, జేబులోంచి రుమాలు తీసి మొహం తుడుచుకుని వెళ్ళిపోయాడు. ఆ మొహంలో చింత వెతికినా దొరకలేదు. ఇలాంటి మనిషికి ఉద్యోగం ఎవరిచ్చారా అనుకున్నాను.

ఎందుకిచ్చారో ఆయన తీసిన వేరే రీళ్ళు చూస్తే తెలిసింది. వంతెన కింద కాపురం ఉన్న ఒక ముసలాయన పగిలిన అద్దం ముక్క ముందు, నిమ్మళంగా గడ్డం గీసుకుంటున్న ఫోటో ఒకటి ఆయన తీశాడు. ఆ ముసలాయన ఏ ఆఫీసుకో టైమైపోతున్నట్టు ఉంటాడు. ఆ ఫోటో అచ్చు వేస్తున్నప్పుడు తొట్లోంచి ఆ మొహం మెల్లగా పైకి తేలుతుంటే నేను ఊపిరి బిగపట్టి చూశాను. సంపాదకుడు దాన్ని చూసి పెదవి విరిచాడు.

"వీడికేం కష్టమయ్యా? గడ్డం గీసుకుంటున్నాడు."

"కష్టంలో ఉన్నవాడికీ గడ్డం పెరుగుతుంది సార్," అన్నాడు మాస్టారు.

ఆయన భార్యని నేను అక్కయ్యా అని పిలిచేవాణ్ణి. ఆవిడ బాధ వేరు. "ఈయన ఇంట్లో ఏ డబ్బాకీ మూత పెట్టరు తమ్ముడూ. చక్కెర డబ్బా తీస్తారు, అలాగే వదిలేస్తారు. చీమలు మా ఇంట్లో అద్దె లేకుండా ఉంటున్నాయి. సిరాబుడ్డి, నూనె సీసా, పళ్ళపొడి, అన్నీ నోళ్ళు తెరుచుకుని ఉంటాయి. లోకంలో ఈయన మూత తియ్యంది ఒక్క కెమెరాకే," అనేది. అందరం కడుపుబ్బ నవ్వుకున్నాం గాని, ఇన్ని మూతలు తీసే మనిషి ఆ ఒక్కటీ ఎందుకు తియ్యడని ఒక్కళ్ళమూ అడగలేదు.

ఆయన మతిమరుపుకి వైద్యం చాలా జరిగింది. అక్కయ్య ఆ మూతకి చిన్న రంధ్రం పొడిచి, గట్టి తాడు కుట్టి, కెమెరా పట్టీకి కట్టింది. ఆ తాడు నాలుగుసార్లు తెగిపోయింది. నేను కెమెరా వీపున ఎర్ర కాగితం అంటించి 'మూత' అని రాశాను. అది చెమటకి ఊడిపోయింది. సంపాదకుడు ఒళ్ళు మండి ఒకరోజు ఆ మూత లాక్కుని తన బల్ల సొరుగులో పెట్టి తాళం వేశాడు. ఆ నెల రీలు కూడా ఖాళీగానే వచ్చింది. ఆరా తీస్తే, మాస్టారు బూటు పాలిషు డబ్బా మూత పట్టుకెళ్ళాడని తేలింది. సరిగ్గా అతికినట్టు సరిపోయిందట.

"అదెందుకు పెట్టారండీ?" అని తల పట్టుకున్నాడు సంపాదకుడు.

"లెన్సు మీద దుమ్ము పడుతుంది కదా సార్."

తర్వాత పొట్టి విలేకరిని కాపలా పెట్టారు. రాసేది ఆయన, తీసేది మాస్టారు, ఇద్దరూ కలిసే వెళ్ళేవారు కాబట్టి, ఫోటో తీసే ముందల్లా "మాస్టారూ, మూత" అని గుర్తు చెయ్యడం విలేకరి విధుల్లో చేర్చారు. మాస్టారు బుద్ధిగా మూత తీసి, ఆయనకి చూపించి, జేబులో వేసుకునేవాడు. అయినా ఖాళీలు ఆగలేదు. విలేకరి కాళ్ళూ చేతులూ ఆడక నిలదీశాడు.

"నా కళ్ళముందే జేబులో వేశారు కదండీ?"

"అవును. జేబులో ఇంకోటి ఉంది."

"మళ్ళీ పెట్టారా?"

"అలవాటోయ్. చెయ్యి మాట వినదు."

పొట్టి విలేకరికి ఇంకో ఫిర్యాదు కూడా ఉండేది. నా గదిలోకి వచ్చి వెళ్ళగక్కేవాడు. "గంటసేపు కూర్చుని, చచ్చిపోయినవాళ్ళ పేర్లన్నీ అడిగి, ఎంత కష్టపడి కదిలిస్తానో తెలుసా? సరిగ్గా కన్నీళ్ళు వచ్చే సమయానికి ఈయన ఎదురుగా చతికిలబడి, కెమెరా ముందువైపు గోటితో టక్ టక్ మని కొడతాడు. అంతే, ఏడవబోయేవాళ్ళు పెదాలు బిగపట్టుకుంటారు. నా శ్రమంతా నీళ్ళపాలు."

"దుమ్ము దులుపుతున్నాడేమో," అన్నాను నేను. పందొమ్మిదేళ్ళు నా జ్ఞానం అంతవరకే.

పత్రిక వార్షికోత్సవానికి మేము ఒక సరదా చేశాం. ఆయన ఖాళీ ఫిల్ము ఒకటి తీసుకుని పెద్ద సైజులో అచ్చు వేశాను. ఫిల్ము తెల్లనైతే అచ్చు నల్లన, తారు పూసినట్టు వచ్చింది. దానికి మంచి ఫ్రేము కట్టించి, కింద 'బొగ్గుల గదిలో నల్లపిల్లి, మా ఫోటోగ్రాఫరు ఉత్తమ చిత్రం' అని రాయించి హాల్లో తగిలించాం. వచ్చినవాడల్లా పొట్ట పట్టుకుని నవ్వాడు. మాస్టారు కూడా వచ్చి, కళ్ళజోడు తుడుచుకుని, దాని ముందు చాలాసేపు నిలబడ్డాడు.

"ఇది ఎప్పటి రీలోయ్?" అని నన్ను మెల్లగా అడిగాడు.

"శరణాలయానిదండి. నేను చేరిన కొత్తలో తీసింది."

"మంచిదే ఎంచావు," అని భుజం తట్టి వెళ్ళాడు.

నాలో మంచి లేదని అనను. ఖాళీ రీలు వచ్చినప్పుడు నేను ఆయన్ని చాలాసార్లు కాచాను. మందు పాతదైంది సార్ అనేవాణ్ణి, కరెంటు పోయింది సార్ అనేవాణ్ణి. సంపాదకుడు నన్ను నాలుగు తిట్టి ఊరుకునేవాడు. ఆ సాయంత్రం మాస్టారు రెండు టీలు పట్టుకుని మెట్లు దిగి వచ్చి, ఒకటి నాకిచ్చి, ఒకటి తను తాగేవాడు.

ఒక నెల అద్దకం కర్మాగారంలో బాయిలరు పేలింది. ఆ షెడ్డులో పని చేసే పదకొండు మంది ఆడవాళ్ళలో ఒక్క అమ్మాయి బతికింది. ఇరవై నిండి ఉండవు. మొహం ఒక పక్క కాలిపోయింది. సంపాదకుడు ఆరోజు కాళ్ళు బల్ల మీంచి దించాడు. ఆ నెలాఖరుకే ఏదో పెద్ద అంతర్జాతీయ బహుమతికి గడువు.

"ముఖచిత్రం. కట్టు విప్పి. కళ్ళు సూటిగా కెమెరాలోకి చూడాలి," అన్నాడు.

"ఆ అమ్మాయిని అడిగారా సార్?" అన్నాడు మాస్టారు.

"ఆస్పత్రి పెద్ద ఒప్పుకున్నాడు. దాతలు కదులుతారని ఆయన ఆశ. వేలిముద్ర కూడా తీసుకున్నారు."

"కుడిచేతికి కట్టు ఉందన్నారు కదా."

"ఎడమచేతిది వేయించారు. మీకెందుకండీ అవన్నీ? మీరు మూత తియ్యండి, చాలు."

ఆస్పత్రిలో జరిగింది పొట్టి విలేకరి చెబితే విన్నాను. నర్సు కట్టు విప్పింది. ఆస్పత్రి పెద్ద ఆ అమ్మాయి గడ్డం కింద చెయ్యి పెట్టి మొహం పైకెత్తాడు, సంతలో పశువు పళ్ళు చూసేవాడిలాగ. ఉచితంగా మంచం ఇచ్చినవాడు ఎత్తమంటే ఎత్తద్దా మరి. మాస్టారు వెలుతురు అడ్డం వస్తోందని అందరినీ తన వెనక్కి పంపాడు. అలవాటు ప్రకారం గోటితో టక్ టక్ మనిపించాడు. ముప్ఫై ఆరు ఫోటోలూ తీశాడు. ఇంత శ్రద్ధగా తియ్యడం నేనెప్పుడూ చూడలేదని విలేకరి అన్నాడు. ఆస్పత్రి పెద్ద సంతోషించి అందరికీ టీ ఇప్పించాడు.

రీలు నా చేతికి మధ్యాహ్నం వచ్చింది. సాయంత్రం ఆరింటికి ముఖచిత్రం ప్రెస్సుకి పోవాలి. నేను కడిగి వెలుతురులోకి తెచ్చాను. ఆ కొసనుంచి ఈ కొసదాకా గాజుపలక. తలెత్తి చూస్తే సంపాదకుడు గుమ్మంలో ఉన్నాడు. నేను పనిచేసిన కాలమంతటిలో ఆయన ఆ మెట్లు దిగింది ఆ ఒక్కరోజే.

"కడగడంలో పొరపాటా? తియ్యడంలో పొరపాటా?"

మందు పాతదైంది సార్ అని నాలుక చివరిదాకా వచ్చింది. కాని ఆ వారమే నా ఉద్యోగం ఖాయం చేసే కాగితం ఆయన బల్ల మీద సంతకానికి ఉంది. నాకు ఇద్దరు పిల్లలు. ఇవన్నీ సాకులని నాకు తెలుసు, మీకూ తెలుసు.

"కడగడంలో ఏమీ లేదు సార్," అన్నాను.

నాలుగు మాటలు. నా ఉద్యోగం ఖాయమైంది, ఆయనది ఊడింది. సంపాదకుడు హాల్లో అందరి ముందూ గోడ మీంచి ఆ నల్లఫోటో తీసి, "ఇది కూడా పట్టుకెళ్ళండి, మీ జీవితకాల కృషి," అని ఆయన చేతుల్లో పెట్టాడు. మాస్టారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఫ్రేము బాగుందన్నాడట. తర్వాత మెట్లు దిగి నా దగ్గరికి వచ్చాడు. నేను తొట్ల వైపు చూస్తూ నిలబడ్డాను. ఆయన తీగ మీద ఆరుతున్న ఆ రీలు ఎత్తి పట్టుకుని కళ్ళు చిట్లించాడు.

"బ్రహ్మాండంగా కడిగావోయ్. ఒక్క మరక లేదు."

వెక్కిరింత అనుకున్నాను. ఆయనకి వెక్కిరించడం చేతకాదని తెలిసి కూడా అలాగే అనుకున్నాను. అనుకుంటే మనసుకి కాస్త తేలిగ్గా ఉంది మరి.

ఆ నెల ముఖచిత్రంగా కర్మాగారం పొగగొట్టం వేశారు. పై నెలకి ఎక్కడో వరద వచ్చింది, సంపాదకుడు మళ్ళీ కాళ్ళు బల్ల మీదకి చాపాడు. ఆ అమ్మాయిని ఎవరూ తలుచుకోలేదు. మా ఆఫీసులో ఏడుపుకి కూడా గడువు ఉండేది, దాటితే పనికిరాదు.

పదకొండేళ్ళు గడిచాయి. ఆఫీసులోకి కంప్యూటర్లు వచ్చాయి. నా చీకటిగదిలో పాత సంచికలు కుక్కి తాళం వేశారు. ఖాయమైన నా ఉద్యోగం ఎంత ఖాయమో అప్పుడు తెలిసింది. రెండు వాక్యాల ఉత్తరం ఇచ్చి ఇంటికి పంపారు. గ్రంథాలయంలో పుస్తకాలు సర్దే పని ఉందంటే ఫారం తెచ్చుకున్నాను. ఫారానికి ఫోటో కావాలి.

బస్సు డిపో పక్క సందులో, తాళంచెవులు చేసేవాడికీ కళ్ళజోళ్ళ కొట్టుకీ మధ్య మాస్టారు చిన్న స్టూడియో పెట్టుకున్నాడని నాకు ఎప్పుడో తెలుసు. పదకొండేళ్ళూ ఆ సందు తప్పించి చుట్టూ తిరిగి వెళ్ళాను. ఆరోజు ఎందుకో కాళ్ళు అటే నడిచాయి.

"ఏమోయ్, రా," అన్నాడు, నిన్న సాయంత్రం విడిపోయినట్టు. జుట్టంతా నెరిసింది. అక్కయ్య బల్ల దగ్గర కూర్చుని ఫోటోలు కత్తెరతో కత్తిరిస్తోంది. గోడ మీద పెళ్ళిజంటల మధ్య ఆ నల్లఫోటో ఉంది. కింద రాయించిన అక్షరాల మీద మాత్రం తెల్లకాగితం అంటించి ఉంది.

"ఒక విచిత్రం చెప్పనా తమ్ముడూ," అంది అక్కయ్య. "ఈ పదకొండేళ్ళలో ఒక్కసారి కూడా మూత మరిచిపోలేదు. ఉద్యోగం ఊడితేగాని బుద్ధి రాలేదు ఈయనకి. చక్కెర డబ్బా సంగతి మాత్రం అడక్కు."

కెమెరా మాత్రం అదే. నా ముందు ఒక పెద్దాయన బస్సు పాసు కోసం కూర్చున్నాడు. మాస్టారు లెన్సు మూత తీసి ఆయన చేతికిచ్చాడు. పెద్దాయన దాన్ని గుప్పిట్లో పట్టుకుని బిగుసుకుని కూర్చున్నాడు. అయిపోయాక తిరిగి ఇచ్చేశాడు. ఇదేం పద్ధతో నాకు అర్థం కాలేదు.

అప్పుడు ఒకామె లోపలికి వచ్చింది. ముప్ఫై ఉంటాయి. చెవి దగ్గర్నుంచి దవడ దాకా ఒక పక్కంతా ముడతలు పడ్డ చర్మం. కొంగూ రుమాలూ ఏదీ అడ్డం పెట్టుకోలేదు.

"లైసెన్సుకి ఫోటో కావాలండి. డిపోలో బస్సు నడపడానికి పరీక్ష ప్యాసయ్యాను," అంది.

మాస్టారు ఆమెని ఒక్క క్షణం చూశాడు. "కూర్చో అమ్మా. ఏ పక్కనుంచి తియ్యమంటావు?"

"ఎదురుగానే." ఆమె కుర్చీలో సర్దుకుని లెన్సు వైపు చూసింది. మూత అలాగే ఉంది. "ఈసారి తీసెయ్యండి మాస్టారూ."

"ఈసారి అంటే?" అన్నాను నేను, మధ్యలో దూరకూడదని తెలిసి కూడా.

ఆమె నా వైపు తిరిగింది. "ఇదివరకు ఒకసారి తీశారండి, ఆస్పత్రిలో. పెద్దమనుషులందరూ ఈయన వెనక నిలబడ్డారు. ఈయన నా ఎదురుగా చతికిలబడి, మూత మీద గోటితో కొట్టి చూపించి, కన్ను గీటారు. తర్వాత ఒకటే టక్కూ టక్కూ. వెనకాల వాళ్ళేమో, బాగా వస్తోంది, బాగా వస్తోంది అంటున్నారు. నాకు నవ్వు ఆగలేదు. నవ్వితే దవడంతా మంట. నవ్వించి చంపుతున్నాడు ఈయన అని లోపల తిట్టుకున్నాను."

అక్కయ్య కత్తెర ఆగిపోయింది.

కెమెరాకి ఎదురుగా కూర్చున్నవాళ్ళకి మూత కనపడుతుంది. చిన్నపిల్లాడికైనా తట్టాల్సిన సంగతి. పందొమ్మిదేళ్ళలో వందలమంది కూర్చున్నారు, అయ్యా మీ మూత ఉండిపోయిందని ఒక్కరంటే ఒక్కరు అనలేదు. నేనూ ఇన్నాళ్ళూ వెనక నిలబడ్డవాళ్ళ కళ్ళతోనే చూశాను. ఖాళీ వచ్చిన రీళ్ళు గుర్తు చేసుకున్నాను. శరణాలయంలో వార్డెను వరసగా నిలబెట్టి చొక్కాలు విప్పించిన పిల్లలు. జైలు అధికారి పిలిపించిన తల్లులు. పక్కన ఎవరో ఒక పెద్దమనిషి నిలబడి, తీయించుకో అంటే కాదనలేనివాళ్ళే అందరూ. అద్దం ముక్క ముసలాయన పక్కన ఎవరూ లేరు. ఆయన తీసుకోమన్నాడు, మాస్టారు తీశాడు.

"అంటే," అంది అక్కయ్య, "ఆ తాడు నేను నాలుగుసార్లు కుట్టాను."

"తాడు గట్టిదేనే. కోసేసరికి తలప్రాణం తోకకొచ్చేది," అన్నాడు మాస్టారు.

"తియ్యనని చెప్పేస్తే పోయేది కదండీ?" అన్నాను నేను.

"చెబితే ఇంకొకణ్ణి పంపేవాళ్ళు. వాడికి మూత తియ్యడం వచ్చి ఉంటుంది."

ఆయన మూత తీసి ఆమె చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని గట్టిగా పట్టుకుని, కెమెరాలోకి సూటిగా చూసింది. సంపాదకుడు కోరిన చూపు అదే. టక్ మంది. ఆమె మూత ఇచ్చేసి, రేపు వస్తానని చెప్పి వెళ్ళింది.

నా వంతు వచ్చింది. కూర్చున్నాను. మాస్టారు కెమెరా కిటికీలోంచి చాలాసేపు చూసి, మూత మీద గోటితో టక్ టక్ మని కొట్టాడు.

"మాస్టారూ, మూత."

"తెలుసులేవోయ్. ఆరోజు చీకటిగదిలో కూడా ఇదే మొహం పెట్టుకుని నిలబడ్డావు. దీన్ని ఫారానికి అంటిస్తే నిన్ను దొంగ అనుకుంటారు. ఇంకో మొహం ఉంటే పెట్టు, తీస్తాను."

"నేను ఆరోజు మందు పాతదని చెప్పాల్సిందండి."

"చెప్పాల్సిందే," అన్నాడు ఆయన. కాదనలేదు. కాదంటాడని పదకొండేళ్ళుగా లోలోపల ఆశ పెట్టుకున్నాను. దగ్గరికి వచ్చి, నా చొక్కా కాలరు సవరించి, నా చెయ్యి ఒకసారి నొక్కి వెనక్కి వెళ్ళాడు. "కాని కడగడం మాత్రం నీలా ఎవరికీ రాదోయ్. ఇక్కడ నేనే కడుక్కుంటున్నాను, అన్నీ మరకలే. గ్రంథాలయం ఎన్నింటికి మూస్తారు? సాయంత్రాలు ఖాళీగా ఉంటే..."

"ముందు ఈ చక్కెర డబ్బాకి మూత ఎవరు పెడతారో తేల్చండి," అని టీ పెట్టడానికి లోపలికెళ్ళిన అక్కయ్య కేకేసింది. "చీమలు ఇక్కడికి కూడా వచ్చేశాయి."

నాకు నవ్వు ఆగలేదు. టక్ మంది. అప్పుడు చూసుకున్నాను, మూత నా గుప్పిట్లో ఉంది.

ఫారం వారానికి తిరిగొచ్చింది. ఫోటోలో పళ్ళు కనపడకూడదట.